జ్యూరీ డ్యూటీ కాగితం వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

గత సంచికలో నా కాలమ్ రాలేదు. 'రచయిత్రి జ్యూరీ డ్యూటీలో ఉన్నందువల్ల' అని సంపాదకులు ఒక గమనిక వేశారు. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఇన్నేళ్ళుగా ట్యాక్సుల గురించి, ఇంటి లోన్ల గురించి రాసినవాటికి ఎప్పుడూ రాలేదు. సగం మంది "కోర్టుకెందుకు పిలిచారు మేడమ్, ఏమైంది?" అని కంగారు పడ్డారు. ఏమీ కాలేదండీ, నేనేమీ చేయలేదు! మిగతా సగం మందికి కూడా అదే కాగితం వచ్చి, ఫ్రిజ్ మీద అతికించుకుని రోజూ దాని వంక చూస్తూ టెన్షన్ పడుతున్నారట. కోర్టు మెట్లెక్కడమంటే మనకున్న భయం విమానం ఎక్కి వచ్చినా పోలేదు.

అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే. జ్యూరీ డ్యూటీ అంటే, కేసు విని తీర్పు చెప్పడానికి మనలాంటి మామూలు పౌరులు కోర్టులో కూర్చోవడం. నేనుండేది టెక్సస్‌లో, కాబట్టి చెప్పే నియమాలు ఎక్కువగా ఇక్కడివే. మీ రాష్ట్రం వేరైతే సమన్ల వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉన్నది ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్ళయింది. పోయిన వారం కౌంటీ కోర్టు నుంచి జ్యూరీ డ్యూటీకి రమ్మని సమన్లు వచ్చాయి. 'నువ్వు సిటిజన్‌వి కాదు కదా, చించి పారెయ్' అంటాడు మా ఫ్రెండు. వెళ్ళకపోతే రేపు సిటిజన్‌షిప్‌కి అడ్డం పడుతుందేమోనని మా ఆవిడ భయం. గొడవెందుకు, బుద్ధిగా వెళ్ళి కూర్చుంటే పోలా అని నాకనిపిస్తోంది.
— ఒక పాఠకుడు, ప్లేనో

జవాబు: మీ ముగ్గురిలో ఎవరి మాటా వినకండి, మీ మాటైతే అసలే వద్దు.

టెక్సస్‌లో జ్యూరీకి పేర్లు ఓటర్ల జాబితా నుంచీ, డ్రైవింగ్ లైసెన్సులు, ఐడీ కార్డులు ఉన్నవాళ్ళ జాబితా నుంచీ తీస్తారు. మీకు ఓటు లేదు కాబట్టి మీ పేరు రెండో దాంట్లోంచి వచ్చి ఉంటుంది. కంప్యూటర్ తీసిన పేరు అది. మీరు పౌరులా కాదా అన్నది దానికి తెలియదు, అందుకే మిమ్మల్నే అడుగుతోంది. కాగితం మీద అర్హతల ప్రశ్నలుంటాయి చూడండి. 'అమెరికా పౌరులా?' అన్నచోట 'కాదు' అని టిక్ పెట్టి, సంతకం చేసి, గడువులోగా పంపండి. ఆన్‌లైన్‌లో అయితే ఇంకా తేలిక. పంపే ముందు ఫోటో తీసి దాచుకోండి. అక్కడితో మీ పని అయిపోయింది.

'అవును' దగ్గర మాత్రం చెయ్యి జారకూడదు. పౌరుడు కానివాడు పౌరుణ్ణని చెప్పుకోవడం ఇమిగ్రేషన్ చట్టంలో చాలా పెద్ద తప్పు. దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు, దానికి మినహాయింపులు చాలా అరుదు. రేపు పౌరసత్వానికి ఎన్-400 ఫారం నింపేటప్పుడు 'ఎప్పుడైనా అమెరికా పౌరుణ్ణని చెప్పుకున్నారా?' అని ఒక ప్రశ్న ఉంటుంది. బుద్ధిగా వెళ్ళి జ్యూరీలో కూర్చుంటే దానికి ఏమని రాస్తారు? మీ ఆవిడ భయపడటంలో తప్పు లేదు. కాకపోతే వెళ్ళనందుకు కాదు, వెళ్ళినందుకు భయపడాలి.

ఇంకో సంగతి. పౌరుణ్ణి కాదని మీరు రాస్తే ఆ పేరు ఓటర్ల నమోదు అధికారికి కూడా వెళ్తుంది. లైసెన్సు కౌంటర్లో ఏ తొందరలోనో ఓటరు నమోదు గడిలో టిక్ పెట్టానేమో అన్న అనుమానం ఏ మూలన ఉన్నా, ఈ వారమే ఇమిగ్రేషన్ లాయరును కలవండి. నా కాలమ్‌తో సరిపెట్టుకోకండి.

ప్రశ్న: అక్కా, మా అమ్మకు 71 ఏళ్ళు. రెండేళ్ళ కిందట సిటిజన్ అయింది. పరీక్ష కూడా తెలుగులోనే, దుబాసీని పక్కన పెట్టుకుని ఇచ్చింది. ఇప్పుడు జ్యూరీకి పిలిచారు. 'నేనెవరినమ్మా ఒకరికి శిక్ష వెయ్యడానికి' అని రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు. నేను వెంట వెళ్ళి అమ్మకి అనువాదం చేయొచ్చా?
— ఒక కూతురు, హ్యూస్టన్

జవాబు: చెల్లీ, ముందు అమ్మని నిద్రపొమ్మని చెప్పు. 55 ఏళ్ళు దాటి 15 ఏళ్ళుగా గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళూ, 50 దాటి 20 ఏళ్ళుగా ఉన్నవాళ్ళూ పౌరసత్వం పరీక్ష సొంత భాషలో ఇవ్వొచ్చు. అమ్మ అలా వచ్చిందే. జ్యూరీ దగ్గర ఆ వెసులుబాటు లేదు. సాక్షులు చెప్పేది వినాలి, జడ్జి రాసిచ్చే సూచనలు చదవాలి, మిగతావాళ్ళతో వాదించాలి. ఇంగ్లీషు చదవడం, రాయడం రాదని ఉన్నది ఉన్నట్టు రాసి, అమ్మ చేత సంతకం పెట్టించి పంపు. నువ్వు పక్కన కూర్చుని అనువాదం చేయడం కుదరదు. జ్యూరీ గదిలోకి జ్యూరర్లు తప్ప ఇంకెవరూ వెళ్ళకూడదు. వయసు మినహాయింపు కూడా ఉంది కానీ, టెక్సస్‌లో అది 75 దాటినవాళ్ళకి. అమ్మకి ఇంకా టైముంది.

న్యూ మెక్సికో సంగతి వేరు. ఇంగ్లీషు రాదన్న కారణంతో ఎవరినీ జ్యూరీ నుంచి తప్పించకూడదని ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. దుబాసీని కోర్టే ఏర్పాటు చేస్తుంది. అమ్మ అక్కడుండి ఉంటే తెలుగు దుబాసీ కోసం పాపం కోర్టువాళ్ళు నానా తంటాలూ పడేవారు.

ఈ జవాబు చదివి 'ఇదేదో బాగుందే' అనుకునేవాళ్ళు ఉంటారు, నాకు తెలుసు. ఆఫీసులో గంటసేపు ప్రెజెంటేషన్ ఇచ్చి, ఇంటికొచ్చి సమన్లు చూడగానే ఇంగ్లీషు మర్చిపోయే బాపతు. ఆ సంతకం పైన ఉన్న వాక్యం ఒకసారి చదువుకోండి. అబద్ధం రాస్తే నేరమని అందులోనే ఉంటుంది.

ప్రశ్న: నమస్తే అండీ. సరిగ్గా మా ప్రాజెక్ట్ రిలీజ్ వారంలోనే జ్యూరీ డ్యూటీ పడింది. మేనేజర్ మొహం మాడ్చుకున్నాడు. 'పోలీసులంతా అబద్ధాలకోరులు' అనో, 'మనిషి మొహం చూస్తే నేను చెప్పేస్తా' అనో అంటే ఇంటికి పంపించేస్తారని మా టీమ్‌లో ఒకతను చెప్పాడు. పనిచేస్తుందా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆస్టిన్

జవాబు: వాయిదా అడగొచ్చని మీ టీమ్‌లో ఎవరూ చెప్పలేదా? మొదటిసారి అడిగితే చాలా కౌంటీల్లో మారుమాట లేకుండా ఇస్తారు. వెబ్‌సైట్‌లో సమన్ల మీది నంబరు కొట్టి, వీలైన తేదీ ఎంచుకోవడమే. నాకు ఈసారి సమన్లు మార్చిలో వచ్చాయి. ట్యాక్స్ ఆఫీసులో పనిచేసేవాళ్ళకి ఏప్రిల్ 15 దాకా ఊపిరాడదు. వేసవికి మార్పించుకున్నాను, ఎవరూ కారణం కూడా అడగలేదు. ఇండియాకి టికెట్లు కొనుక్కున్నవాళ్ళు కూడా ఇలాగే తేదీ మార్పించుకోవచ్చు. 12 ఏళ్ళలోపు పిల్లల్ని చూసుకోవడానికి ఇంకెవరూ లేనివాళ్ళకీ, కాలేజీలో చదువుకుంటున్నవాళ్ళకీ టెక్సస్‌లో అసలు మినహాయింపే ఉంది. ఏమీ చెప్పకుండా ఎగ్గొడితే మాత్రం 100 నుంచి 1,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు.

మేనేజర్ మొహం సంగతికొస్తే, జ్యూరీకి వెళ్ళినందుకు పర్మనెంట్ ఉద్యోగిని తీసేయకూడదని టెక్సస్ చట్టం. ఫెడరల్ కోర్టు జ్యూరీ అయితే ఆ రక్షణ ఫెడరల్ చట్టంలో ఉంది. కాకపోతే ఆ రోజులకు జీతం ఇవ్వాలని ఇక్కడ ప్రైవేటు కంపెనీకి నిర్బంధం లేదు. మీ హెచ్ఆర్ పాలసీ చూసుకోండి, పెద్ద కంపెనీలు చాలావరకు ఇస్తాయి. కోర్టు ఇచ్చేదాని మీద ఆశలు పెట్టుకోకండి. 2023 సెప్టెంబర్ 1 నుంచి మొదటి రోజుకు 20 డాలర్లు, రెండో రోజు నుంచి రోజుకు 58. అంతకుముందు మొదటి రోజుకు కనీసం 6 డాలర్లు. నేను మొదటిసారి వెళ్ళింది ఆ ఆరు డాలర్ల కాలంలో. కోర్టు పక్కన మధ్యాహ్నం ఒక శాండ్‌విచ్ కొంటే ఆ డబ్బులు అయిపోయాయి.

ఇక మీ ఫ్రెండు చిట్కా. ప్రశ్నలు అడిగే ముందే చెయ్యెత్తించి ప్రమాణం చేయిస్తారు, అది గుర్తుంచుకోండి. ఈసారి నాతోపాటు ప్యానెల్‌లో, అంటే ఆ కేసు జ్యూరీ ఎంపికకు పిలిచినవాళ్ళలో, ఉన్న ఒక పెద్దమనిషి అచ్చం ఆ డైలాగే కొట్టాడు, 'మనిషిని చూస్తే నేను చెప్పేస్తా' అని. జడ్జి ఏమీ కోప్పడలేదు. ఆయన నంబరు రాసుకుంది. భోజనం టైముకి మా అందరినీ బయటికి పంపి ఆయనొక్కణ్ణే ఉండమంది. మేం తిని వచ్చి హాలు బయట బెంచీల మీద కూర్చున్నాక కూడా ఆయన లోపలే ఉన్నాడు. ఒక పక్క జడ్జి, ఇంకో పక్క ఇద్దరు లాయర్లు, ఏ ఆధారంతో చెబుతారు, ఎవరిని చూసి ఎప్పుడు చెప్పారు అని ఒకటే ప్రశ్నలట. చివరికి పంపేశారు, నిజమే. కానీ భోజనం లేకుండా, మొహం ఎర్రగా కందిపోయి బయటికొచ్చాడు. మీకు అంత అవసరమా?

పైగా చాలామంది ఏ తెలివితేటలూ లేకుండానే ఇంటికొస్తారు. ఎలాగంటే, ప్యానెల్‌లో అందరికీ వరసగా నంబర్లిస్తారు. నిష్పక్షపాతంగా ఉండలేరని తేలినవాళ్ళని జడ్జి తీసేస్తుంది. తర్వాత రెండు పక్షాల లాయర్లూ కారణం చెప్పకుండా కొందరిని కొట్టేయొచ్చు. చిన్న నేరాల కేసుల్లో ఇక్కడ చెరి ముగ్గుర్ని, పెద్ద నేరాలైతే చెరి పదిమందిని. జాతిని బట్టి కొట్టేయకూడదని 1986లో, ఆడా మగా అని చూసి కొట్టేయకూడదని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇలా తీసేయగా మిగిలినవాళ్ళలో ముందున్న నంబర్లే జ్యూరీ. అంటే వెనక బెంచీలో పెద్ద నంబరు వచ్చినవాళ్ళు పుస్తకం చదువుకుని ఇంటికి పోవచ్చు. టెక్సస్‌లో ఇంకో తమాషా కూడా ఉంది. క్రిమినల్ కేసుల్లో ప్రశ్నలు మొదలుకాకముందే నంబర్లన్నీ ఒకసారి కలిపేయమని లాయర్లు అడగొచ్చు. అప్పటిదాకా వెనక ధీమాగా కూర్చున్నవాళ్ళు ముందు వరసలోకి వస్తారు! జ్యూరీ వచ్చి కూర్చుందని తెలిశాక నేరం ఒప్పుకుని రాజీకొచ్చే నిందితులూ ఉంటారు. అప్పుడు అందరూ ఇంటికే.

ప్రశ్న: మేడమ్, పౌరసత్వం పరీక్షకు చదివిన 100 ప్రశ్నల్లో 'పౌరులకు మాత్రమే ఉన్న ఒక బాధ్యత చెప్పండి' అని ఒకటుంది. నేను 'జ్యూరీలో కూర్చోవడం' అనే చెప్పి పాసయ్యాను. ఇప్పుడు నిజంగానే పిలిచారు! మీరు ఎప్పుడైనా జ్యూరీలో కూర్చున్నారా? లోపల ఏం జరుగుతుంది? ఇంట్లో కూడా చెప్పకూడదంటారు, నిజమేనా?
— కొత్త సిటిజన్, ఇర్వింగ్

జవాబు: ఈసారి పెద్ద నంబరు వచ్చి తిరిగొచ్చాను కానీ, ఆ ఆరు డాలర్ల రోజుల్లో ఒక కేసుకు కూర్చున్నానమ్మా. చిన్న కేసే. తాగి బండి నడిపాడన్న ఆరోపణ, మొదటిసారి. టెక్సస్‌లో దానికి 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా ఉంటాయి. ఇలాంటి చిన్న నేరాలకు జ్యూరీలో ఆరుగురే ఉంటారు. పెద్ద నేరాలకే పన్నెండుమంది.

మన సినిమాల్లోలా బల్ల గుద్దినవాళ్ళు, అరిచినవాళ్ళు ఎవరూ లేరు. ఎక్కువ సేపు ఎదురుచూడటమే. లాయర్లు జడ్జి దగ్గరికెళ్ళి గుసగుసలాడుతుంటే మాకు వినబడకుండా స్పీకర్లలోంచి బర్రుమని ఒక మోత పెట్టేవారు. ఆ మోత వచ్చినప్పుడల్లా మా ఆరుగురం గోడ గడియారం వంక చూసేవాళ్ళం.

నిందితుడికి యాభై దాటి ఉంటాయి. కోర్టుకి కూడా పనిలో వేసుకునే బరువైన బూట్లతోనే వచ్చాడు. అర్ధరాత్రి దాటాక లేన్ గీత తొక్కాడని పోలీసు ఆపాడు. కారు కెమెరా వీడియో మాకు వేసి చూపించారు. రోడ్డు పక్కన మూడు పరీక్షలు పెట్టారు. కళ్ళ ముందు పెన్ను అటూ ఇటూ కదిలిస్తుంటే తల తిప్పకుండా చూపుతోనే అనుసరించడం ఒకటి. మడమకు వేళ్ళు ఆనించి గీత మీద తొమ్మిది అడుగులు వేసి, తిరిగి మళ్ళీ తొమ్మిది అడుగులు వేయడం రెండోది. ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం మూడోది. ఇతను నడక బాగానే నడిచాడు, వెనక్కి తిరగడం మాత్రం తప్పుగా తిరిగాడు. ఒంటికాలి పరీక్షలో రెండుసార్లు కాలు కింద పెట్టాడు. మాట స్పష్టంగానే ఉంది. వాసన వచ్చిందని ఆఫీసరు చెప్పాడు. 'రెండు బీర్లు తాగా'నని వీడియోలో అతనే అన్నాడు. ఊపిరి పరీక్షకు ఒప్పుకోలేదు. దాంతో రక్తంలో ఆల్కహాల్ చట్టం పెట్టిన 0.08 హద్దుకు చేరిందా లేదా అన్న లెక్కే లేదు. మత్తు వల్ల మనసునో ఒంటినో మామూలుగా వాడుకోలేని స్థితికి చేరాడా? మేం తేల్చాల్సింది అదొక్కటే.

అతను సాక్షి కుర్చీ ఎక్కలేదు. 'తప్పు చేయకపోతే నోరు విప్పడానికేం?' అని మన బుర్రకు వెంటనే తడుతుంది కదా. జ్యూరీని ఎంపిక చేసేటప్పుడే డిఫెన్స్ లాయరు ఈ మాట ఒక్కొక్కరినీ అడిగాడు. 'ఆ అనుమానం నాకూ వస్తుంది, పక్కన పెట్టమంటే పెడతాను' అన్నాను. మాట్లాడకుండా ఉండటం అతని హక్కు, దాన్ని అతనికి వ్యతిరేకంగా లెక్కలోకి తీసుకోకూడదని జడ్జి రాసిచ్చింది. ఊపిరి పరీక్ష వద్దనడం మాత్రం టెక్సస్‌లో సాక్ష్యంగా పనికొస్తుంది. కోర్టులో మౌనాన్ని చూడొద్దు, రోడ్డు మీద వద్దన్నదాన్ని చూడొచ్చు. ఈ తేడా దగ్గరే మేం చాలాసేపు ఆగిపోయాం.

జ్యూరీ గది చిన్నది. ఒక బల్ల, ఆరు కుర్చీలు, చల్లారిన కాఫీ. ఫోన్లు బెయిలిఫ్, అంటే కోర్టు కాపలా ఉద్యోగి, తీసుకున్నాడు. మొదట చీటీలు వేస్తే సగం సగం వచ్చాయి. నాది 'నేరం రుజువు కాలేదు' అన్న వైపే, కానీ గట్టిగా కాదు. మాలో ఒక పెద్దాయన ఉన్నాడు, స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆయన ఉన్నట్టుండి లేచి, గోడ వారగా టైల్స్ గీత పట్టుకుని మడమకు వేళ్ళు ఆనిస్తూ నడవడం మొదలుపెట్టాడు. ఎనిమిదో అడుగుకి చెయ్యి గోడ మీద పడింది. 'పొద్దున్నుంచీ ఈ కాఫీ తప్ప ఏమీ తాగలేదు నేను' అన్నాడు. అందరం నవ్వాం, నర్సుగా పనిచేసే ఒకావిడ తప్ప. 'మీకు మోకాళ్ళ నొప్పులున్నాయి. అతనికున్నాయని ఎవరు చెప్పారు? అతని లాయరు కూడా చెప్పలేదు కదా' అంది. నిజమే. మేం విన్నదాంట్లో మోకాళ్ళ ఊసే లేదు. లేనిదాన్ని మేం తెచ్చిపెట్టుకోకూడదు.

వీడియో మళ్ళీ చూస్తామని చీటీ రాసి పంపాం. రెండోసారి చూసేటప్పుడు అందరూ అతని కాళ్ళ వంక చూస్తున్నారు, నా చూపు ఆఫీసరు మీద పడింది. పెద్ద లారీ వెళ్ళినప్పుడల్లా ఆ గాలికి ఆయన ప్యాంటు కాళ్ళకి అతుక్కుపోతోంది, ఆయన కూడా ఒకడుగు అటో ఇటో సర్దుకుంటున్నాడు. నిందితుడు రెండుసార్లు కాలు కింద పెట్టాడన్నాను కదా, అందులో ఒకసారి సరిగ్గా లారీ పోతోంది. రెండోసారి ఏ లారీ లేదు. అక్కడ ఆపి, వెనక్కి తిప్పించి మళ్ళీ చూశాం.

సహేతుకమైన సందేహం మిగిలితే నేరం రుజువు కానట్టే. ఆ సందేహం ఎంత ఉంటే సరిపోతుందో జడ్జి కొలిచి చెబుతుందనుకున్నాను. టెక్సస్‌లో జడ్జీలు మామూలుగా దానికి నిర్వచనం ఇవ్వరు. ఎవరి మనసుకు వాళ్ళే తేల్చుకోవాలి, కానీ ఆరుగురూ ఒక్క మాట మీదికి రావాలి. చివరిదాకా పట్టుబట్టింది నర్సే. 'బహుశా మత్తులోనే ఉన్నాడు' అంది. నాకూ అదే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. 'బహుశా అంటే సరిపోతుందని జడ్జి రాసిచ్చిందా?' అని బస్సు డ్రైవరు అడిగాడు. ఆవిడ కాగితం మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా చదివింది. చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, సరే అంది. తీర్పు చదివినప్పుడు నిందితుడు ఏమీ అనలేదు, తన బూట్ల వంక చూసుకున్నాడు. బయట లిఫ్టు దగ్గర ప్రాసిక్యూటర్, పాతికేళ్ళ అమ్మాయి, నోట్‌బుక్ పట్టుకుని నిలబడి ఉంది. తీర్పయ్యాక లాయర్లు జ్యూరర్లని అలా అడగొచ్చు, మనకిష్టమైతేనే చెప్పొచ్చు. 'ఏం తక్కువైంది?' అని అడిగింది. నర్సు ఒకే మాట చెప్పింది, 'లారీలు' అని. ఆ అమ్మాయి రాసుకుంది, అర్థమైనట్టు మాత్రం కనబడలేదు.

ఇంట్లో చెప్పకూడదన్నది నిజమే, కేసు నడిచినంతకాలం. మా ఆయన ఎన్ని రకాలుగా అడిగినా 'అయ్యాక చెబుతా' అన్నాను. గూగుల్ చేయకూడదు, ఎక్కడా పోస్టు పెట్టకూడదు, సంఘటన జరిగిన చోటికి వెళ్ళి చూడకూడదు. ఆ రోడ్డు మేం సరుకులకి వెళ్ళే దారే. తీర్పయ్యేదాకా చుట్టూ తిరిగి వెళ్ళాను. తర్వాత ఎప్పుడో పోస్టులో 46 డాలర్ల చెక్కు వచ్చింది.

నువ్వు వెళ్ళే రోజుకి ఒక స్వెటర్ పట్టుకెళ్ళు తల్లీ, కోర్టు హాల్లో ఏసీ చంపేస్తుంది. షార్ట్‌లు, చెప్పులు వద్దు. సంచిలో చిన్న చాకు, కత్తెర లాంటివి ఉంటే గేటు దగ్గరే తీసుకుంటారు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి దగ్గర కొన్నాళ్ళుండి తిరిగొచ్చిన రిటైర్డ్ లెక్చరర్‌ని. చట్టం చదవని పన్నెండుమంది చేతికి ఒక మనిషి బతుకు అప్పగించడం నాకు మింగుడుపడలేదు. మన దేశంలో జ్యూరీ ఉండేదనీ, నానావతి కేసుతో పోయిందనీ విన్నాను. నిజమా?
— గుంటూరు పాఠకులు

జవాబు: చాలావరకు నిజమే మాస్టారూ. 1959 ఏప్రిల్‌లో నేవీ కమాండర్ నానావతి తన భార్య ప్రియుడు ప్రేమ్ అహుజాను కాల్చి చంపాడు. బొంబాయి సెషన్స్ కోర్టు జ్యూరీలో తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది 'నిర్దోషి' అన్నారు. సాక్ష్యాలకీ ఈ మాటకీ పొంతన లేదని జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1964లో గవర్నర్ విజయలక్ష్మీ పండిట్ క్షమాభిక్ష పెట్టారు. అదే చివరి జ్యూరీ కేసు అని చాలామంది అంటారు కానీ, తర్వాత కూడా కొన్నిచోట్ల కొన్నాళ్ళు నడిచాయి. క్రిమినల్ కేసుల్లో జ్యూరీని పూర్తిగా వదిలేసింది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. పార్సీల విడాకుల కేసుల్లో మాత్రం జడ్జితోపాటు ఐదుగురు పార్సీ ప్రతినిధులు కూర్చునే పద్ధతిని చట్టం ఉంచింది.

ఒక్క తేడా గమనించండి. అక్కడ జడ్జి ఒప్పుకోకపోయినా, ఎనిమిది ఒకటి అయినా అది జ్యూరీ మాటగానే లెక్కకొచ్చింది. ఇక్కడ పెద్ద నేరాల్లో శిక్ష పడాలంటే పన్నెండుకి పన్నెండుమందీ ఒప్పుకోవాలి. లూయిజియానా, ఒరెగాన్ రాష్ట్రాలు పది మంది చాలనేవి. 2020లో సుప్రీంకోర్టు అది కుదరదంది. ఇంకో తేడా, ఇక్కడ జ్యూరీ 'నిర్దోషి' అన్నాక జడ్జికి నచ్చకపోయినా చేసేదేమీ లేదు. ఆ గదిలో కూర్చున్నదాన్ని కాబట్టి పక్షపాతం ఉంటే ఉండొచ్చు గానీ, చట్టం చదవని మా ఆరుగురూ ఆ వీడియోని చూసినంత ఓపిగ్గా, రోజుకి పాతిక కేసులు చూసే జడ్జి చూడగలరా అని నాకు అనుమానం. మీరు ఒప్పుకోరని తెలుసు. ఇంకో ఉత్తరం రాయండి.

ప్రశ్న: మేడమ్, షెరిఫ్ ఆఫీసు నుంచి అంటూ ఒకతను ఫోన్ చేశాడు. జ్యూరీ డ్యూటీ ఎగ్గొట్టానట, వారంట్ ఉందట, సాయంత్రంలోగా గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెబితే అరెస్టు ఆపుతాడట. నా పేరు, అడ్రసు సరిగ్గా చెప్పాడు. వణుకు పుట్టింది. ఇంకా కట్టలేదు.
— పేరు రాయని పాఠకురాలు

జవాబు: కట్టకండి. వాడు దొంగ. పేరూ అడ్రసూ ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతాయి. కోర్టులు ఫోన్ చేసి డబ్బు అడగవు, సోషల్ సెక్యూరిటీ నంబరు అడగవు. గిఫ్ట్ కార్డులతో జరిమానా వసూలు చేసే కోర్టు ఈ దేశంలో ఎక్కడా లేదు. నిజంగా సమన్లు ఎగ్గొట్టానేమో అన్న అనుమానం ఉంటే, అతనిచ్చిన నంబరుకి కాకుండా మీ కౌంటీ వెబ్‌సైట్‌లో ఉన్న డిస్ట్రిక్ట్ క్లర్క్ ఆఫీసు నంబరుకి మీరే ఫోన్ చేసి అడగండి. వాడు మళ్ళీ చేస్తే మాట్లాడకుండా పెట్టేయండి, నంబరు పోలీసులకి ఇవ్వండి. గిఫ్ట్ కార్డులు ఈపాటికే కొనేసి, నంబర్లు ఇంకా చెప్పకపోతే రసీదు, కార్డులు జాగ్రత్తగా ఉంచుకుని ఆ కార్డు కంపెనీకి ఈరోజే ఫోన్ చేయండి.